ప్లాటు ఉంది కదా అంటే ఆసుపత్రి ఆగదు

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో చేసి నిరుడు రిటైరయ్యాను. వయసు 61. నల్లగొండలో సొంతిల్లు ఉంది. వచ్చిన డబ్బులో 25 లక్షలు 14 నెలల కింద ప్రభుత్వ సీనియర్ సిటిజన్ పొదుపు స్కీములో వేశాను. పీఎఫ్ పెన్షన్ 4,200 వస్తుంది. బ్యాంకులో 6 లక్షలు, ఊరి బయట 150 గజాల ప్లాటు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ రిటైర్మెంటుతోనే ఆగిపోయింది. నా భార్యకు షుగర్, నెలకు రెండుసార్లు హైదరాబాద్‌లో డాక్టరు దగ్గరికి పోవాలి. రెండేళ్లు వాడిన చిన్న పెట్రోలు కారు, 21 వేల కిలోమీటర్లు తిరిగింది, 7.8 లక్షలకు బేరం కుదిరింది. బ్యాంకులోంచి 5 లక్షలు తీసి, మిగతా 2.8 లక్షలు తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నా. ప్లాటు అమ్మి కట్టేస్తా. సరేనా?

జవాబు: వద్దు సార్. కారు వద్దని కాదు, ఈ లెక్కతో వద్దు. రిటైరైనవాళ్లు ఎక్కువగా చేసే తప్పే మీరూ చేయబోతున్నారు: ఆస్తినీ, అర్ధరాత్రి చేతికందే డబ్బునీ ఒకే లెక్కలో రాసుకున్నారు. కారు కొన్న మర్నాడు మీ చేతిలో మిగిలేది లక్ష రూపాయలు. పైన అప్పు.

స్కీములో 25 లక్షలు ఉన్నాయన్న ధీమా ఉండొచ్చు. అందులోంచి లక్ష కావాలంటే లక్షే తీయనివ్వరు, ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే ఒకటిన్నర శాతం కోత. అంటే ఇవాళ మీకు లక్ష అవసరం పడితే 37,500 పోగొట్టుకుని 25 లక్షలూ వెనక్కి తెచ్చుకోవాలి. దానిమీద లోను కూడా పుట్టదు. వేసేటప్పుడే నాలుగైదు ఖాతాలుగా విడగొట్టి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఇది ఇంకా డబ్బు వేయనివాళ్ల కోసం రాస్తున్నా.

ఇక ప్లాటు. దేవరకొండ వైపు ఒకాయన ఇలాగే ‘ప్లాటు ఉంది కదా’ అని కారు కొన్నాడు. ఆపరేషన్‌కు డబ్బు కావాల్సి వచ్చి ప్లాటు బేరం పెడితే, వచ్చినవాళ్లంతా అవసరం కనిపెట్టి ధర తెగ్గోశారు. అమ్మడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ కారు పెట్రోలు లేక పందిరి కింద ఉంది, కోళ్లు దాని కింద పడుకునేవి.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2.8 లక్షలకు నెలకు 5,600. మీకు స్కీము నుంచి 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 51,250, అంటే నెలకు 17,083 వస్తుంది. పెన్షన్ కలిపితే 21,283. అందులో నాలుగో వంతుకు పైగా వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. తెలిసినాయనైతే ఏంటి? నోటు రాయించుకోకుండా ఇస్తాడా? జీతం ఆగిపోయిన మనిషి తిరగడానికి కారు కోసం ఈ అప్పు చేయడమేంటో నాకైతే అర్థం కాదు. బంగారం పెట్టినా, చిట్టీ పాడినా నా మాట ఇదే.

కాబట్టి ఆ 6 లక్షల్లో కనీసం 5 లక్షలు కదపకండి. ఏడాది ఇంటి ఖర్చు రెండున్నర లక్షలు, మిగతాది వైద్యానికి. ఇంత ఎందుకంటే మీ ఇద్దరికీ ఇప్పుడు పాలసీ లేదు. ఈ నెలలోనే తీసుకోండి. వయసు ఎక్కువని భయపడక్కర్లేదు, 65 దాటితే ఇవ్వరన్న అడ్డంకి 2024లోనే తీసేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. మీ భార్యకు షుగర్ ఉన్నట్టు ఫారంలో తప్పకుండా రాయండి. దాచిపెడితే క్లెయిము రోజున మీకే దెబ్బ. పాత జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ఆ మూడేళ్లూ బ్యాంకులో ఉన్న డబ్బే మీ ఇన్సూరెన్సు.

డాక్టరు దగ్గరికి కిరాయి కారులో పోండి. రోజుకు 4,000 వేసుకున్నా నెలకు 8,000 అవుతుంది. సొంత కారైతే పెట్రోలు, టోలు, సర్వీసు, బండి ఇన్సూరెన్సు, ఏటా తగ్గే ధర, పైన ఆ 5,600. కాగితం తీసుకుని కూడి చూడండి. బస్సులో పోగలిగే రోజు ఉంటే ఇంకా మంచిది.

కారే కావాలంటే ముందు ప్లాటు అమ్మండి, డబ్బు ఖాతాలో పడ్డాక బేరానికి వెళ్లండి. అప్పుడు కూడా 7.8 లక్షలు ఇవ్వకండి. 2025 సెప్టెంబరులో చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అమ్మేవాళ్లు పాత బిల్లు చూపించి ధర చెబుతారు. షోరూంలో ఇవాళ్టి కొత్త బండి ఆన్ రోడ్ ధర అడిగి అక్కణ్నుంచి కిందికి రండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే, లోను తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ చూడకుండా పైసా ఇవ్వొద్దు. బండి ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. క్లెయిము చేయనందుకు పాత ఓనరుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు. పక్క రాష్ట్రం నుంచి, అంటే కర్ణాటకలోని రాయచూరు వైపు నుంచి వచ్చిన బండి చవగ్గా కనిపిస్తే, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూడండి.

అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వెనక్కి అడగండి. అందులో ఐదో పదో వేలు పోయినా పోనివ్వండి, అది రెండు నెలల వడ్డీ కంటే తక్కువే.