పడవ ఎక్కిన ఆ ఆరుగురే మీ కేసు

ప్రశ్న: మా అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకు ఒక సంప్రదాయ తెరచాప పడవను ఒక పూటకు మాట్లాడాను. నాలుగు గంటల ప్రయాణం, పడవ పూర్తిగా మా ఐదుగురికే అన్నారు. డబ్బు మొత్తం ముందే తమ్ముడి కార్డు నుంచి కట్టాం. రేవుకు వెళ్లేసరికి మాకు తెలియని ఆరుగురు పడవలో కూర్చుని ఉన్నారు. అడిగితే సర్దుకోమన్నారు. లైఫ్ జాకెట్లు కూడా అందరికీ సరిపోలేదు. తెరచాప ఎత్తనే లేదు. ఇంజనుతోనే తిప్పి రెండున్నర గంటలకే దించేశారు. దూరంగా రెండు పడవలు తెరచాపలతో వెళుతుంటే అమ్మ వాటినే చూస్తూ కూర్చుంది. 'ఇంతమంది ఉండగా తెరచాప ఎత్తితే ప్రమాదం' అని సరంగు తన సహాయకుడితో అనడం నాన్న విన్నారని అమ్మ తర్వాత చెప్పింది. నాన్న మాత్రం ఆ రోజు నుంచి ఆ ప్రయాణం ఊసే ఎత్తడం లేదు. 20 నెలలుగా వాళ్లకు వాట్సాప్‌లో సందేశాలు పంపుతున్నాను. మొదట గాలి లేదన్నారు. తర్వాత 'ఆ రోజు రద్దీ ఎక్కువ, ఇంకొందరిని ఎక్కించక తప్పలేదు, దానికే ఇంత గొడవా' అని పొగరుగా జవాబిచ్చారు. మూడు నెలల క్రితం 'చూద్దాం' అన్నారు. పడవ ఎక్కే ముందు ఒక కాగితంపై సంతకం చేయించుకున్నారు. డబ్బు వాపసు ఉండదని, ఫిర్యాదు ఏదైనా 7 రోజుల్లోపు చెప్పాలని అందులో ఉందట. నేను 10 లక్షల పరిహారం అడగాలనుకుంటున్నాను. ఆ లావాదేవీ తాను చేయలేదని తమ్ముడు బ్యాంకుకు రాసిస్తే డబ్బు వెనక్కి వస్తుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో సగం తెరచాప గురించే ఉంది. మీ కోపమంతా అక్కడే ఉందని అర్థమవుతోంది. కానీ తెరచాప ఎత్తలేదన్న మాటతో కేసు మొదలుపెడితే మీరు ఓడిపోయే అవకాశమే ఎక్కువ. గాలి ఎవరి చేతిలోనూ లేదు. గాలి పడిపోతే తెరచాప వేలాడుతుంది, మరీ బలంగా వీస్తే దించాల్సి వస్తుంది, సరిగ్గా ఎదురుగా వీస్తుంటే ఏ తెరచాప పడవా నేరుగా ముందుకు పోలేదు. ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది ప్రయాణికుల భద్రత కోసం సరంగు తీసుకునే నిర్ణయం. దాన్ని తప్పని చెప్పడానికి ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఏ వినియోగదారుల కమిషనూ అంత తేలిగ్గా ముందుకు రాదు. పక్క పడవలు తెరచాపలతో వెళుతున్నాయి కదా అని మీరు అంటారు. ఆ పడవ వేరు, దాని బరువు వేరు, వెళ్లే దిశ వేరు అని వాళ్లు అంటారు. అక్కడి నుంచి వాదన నిపుణుల సాక్ష్యం వైపు మళ్లుతుంది. మీ చిన్న కేసు ఆ బరువు మోయలేదు.

మీ కేసును తేల్చేది ఆ ఆరుగురు. గాలి తీసుకొచ్చి వాళ్లను మీ పడవలో కూర్చోబెట్టలేదు. డబ్బు తీసుకున్నవాళ్లే ఎక్కించారు. పడవ మొత్తం మీకే అని మాట ఇచ్చి, దానికి తగ్గ ధర తీసుకుని, అందులో పరాయివాళ్లను ఎక్కిస్తే అది సేవాలోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఒప్పుకున్న సేవ నాణ్యతలోనో తీరులోనో తగ్గితే లోపమే. ఇక్కడ తగ్గింది ఏమిటో కొలవడానికి నిపుణుడు అక్కర్లేదు, మనుషుల్ని లెక్కపెడితే చాలు.

మీరు వాళ్ల పొగరుకు నిదర్శనంగా నాకు రాసిన వాక్యాన్ని మళ్లీ చదవండి. 'ఇంకొందరిని ఎక్కించక తప్పలేదు.' అది వాళ్లు స్వయంగా రాసి ఇచ్చిన ఒప్పుకోలు. మీ ఉత్తరం మొత్తంలో దానికంటే విలువైన మాట మరొకటి లేదు. దయచేసి ఆ సంభాషణలో ఒక్క అక్షరం కూడా చెరపకండి. మీరు కోపంలో అన్న మాటలు కూడా అలాగే ఉండనివ్వండి. కొన్ని మాటలు తీసేసి కొన్ని చూపిస్తే, తీసేసినవి వాళ్ల ఫోనులో ఉంటాయి, వాళ్లు చూపిస్తారు. అప్పుడు మీ నిజం కూడా అబద్ధంలా కనబడుతుంది.

మీరు ఉత్తరంతో పాటు మూడు ఫోటోలు పంపారు. మొదటిదాంట్లో తెరచాప కొయ్య పక్కన అమ్మగారు కూర్చుని ఉన్నారు, ఆమె ముఖం చూడమని రాశారు. నేను ఆమె వెనక చూశాను. పసుపు టోపీ పెట్టుకున్న ఒకాయన, ఆయన ఒడిలో పిల్లవాడు, పడవ అంచున కాళ్లు చాపుకున్న ఇద్దరు యువకులు స్పష్టంగా ఉన్నారు. వాళ్లు మీ కుటుంబం కాదు. రెండో ఫోటోలో పడవ ముందు భాగంలో రంగుతో రాసిన నంబరు కనబడుతోంది. పడవ ఎవరిదో పట్టుకోవడానికి అది పనికొస్తుంది. మూడోది, మీరు రేవులో దిగుతున్న ఫోటో. తాడు పట్టుకుని నిలబడిన కుర్రవాడు తప్ప విశేషం లేదనుకుని చివర పెట్టినట్టున్నారు. కానీ ప్రయాణం ఎప్పుడు ముగిసిందో చెప్పేది అదే. బయలుదేరినప్పటి ఫోటో, దిగినప్పటి ఫోటో, ఈ రెండింటి మధ్య సమయమే నాలుగు గంటల మాట తప్పిందనడానికి రుజువు.

అయితే మీరు నాకు వాట్సాప్‌లో పంపిన కాపీల్లో ఆ సమయం లేదు. అలా పంపిన ఫోటోలో తీసిన తేదీ, సమయం వంటి వివరాలు పోతాయి. అసలు ఫైలు ఏ ఫోనుతో తీశారో ఆ ఫోనులో ఉండాలి. ఆ ఫోనును మార్చకండి, అమ్మకండి, రిపేరుకిచ్చి అందులోని సమాచారం తుడిచేయించకండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫోను ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్‌లో విచారణ క్లుప్తంగా సాగుతుంది, సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోరు. అయినా ఆ ధ్రువపత్రం పెట్టండి. పెట్టడం వల్ల ఖర్చు స్వల్పం, పెట్టకపోతే ఎదుటివాళ్లకు ఒక అభ్యంతరం ఉచితంగా ఇచ్చినట్టే.

ఇప్పుడు తెరచాప దగ్గరికి మళ్లీ వస్తాను, మీ నాన్నగారి కోసం. సరంగు అన్న ఆ మాట నిజమైతే కథ మారిపోతుంది. తెరచాపను గాలికి తగ్గట్టు ఇటు నుంచి అటు తిప్పాలంటే పడవలో ఖాళీ కావాలి, జనం కిక్కిరిసి ఉంటే దాన్ని కట్టిన వాసం (పొడవాటి కర్ర) తగిలి ఎవరికైనా దెబ్బ తగలవచ్చు. అంటే తెరచాప ఎత్తకపోవడానికి కారణం గాలి కాదు, ఆ ఆరుగురే. కానీ ఆ మాట మీరు వినలేదు, అమ్మగారు వినలేదు. ఒకరు విన్నారని ఇంకొకరు చెబితే అది సాక్ష్యం కాదు. విన్నది నాన్నగారు ఒక్కరే కాబట్టి ఆయనే అఫిడవిట్ (ప్రమాణపత్రం) ఇవ్వాలి. ఆయన ఆ ఊసు ఎత్తడం లేదని రాశారు. బాధ అర్థం చేసుకోదగినదే, కానీ ఆయన పక్కన కూర్చుని ఈ వారంలోనే ఆ మాటలు ఆయన నోటి నుంచే విని, ఆయన చెప్పిన తీరులోనే రాసుకోండి. మీ వైపు నుంచి ఒక్క పదం కూడా కలపకండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం 20 నెలలు. వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేసే హక్కునిచ్చిన ఘటన, తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీ విషయంలో ఆ కారణం పడవ ఎక్కిన రోజునే తలెత్తింది. వాళ్లు 'చూద్దాం' అన్న రోజున గడియారం మళ్లీ మొదలవుతుందని మీరు అనుకున్నట్టున్నారు. మొదలవదు. ఉత్తరాలు, సందేశాలు ఎన్ని పంపుకున్నా కాలపరిమితి పెరగదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. 'వాళ్లు ఇస్తారేమోనని ఎదురుచూశాను' అన్నది అలాంటి కారణంగా నిలవడం కష్టం. మీ దగ్గర నాలుగు నెలలే ఉన్నాయి. ఇన్నాళ్లూ పంపిన సందేశాల్లో ఒక్కదాని బదులు ఒక నోటీసు పంపి ఉంటే ఈ పాటికి కేసు సగం దూరం వెళ్లి ఉండేది.

సంతకం సంగతి. చదవకుండా సంతకం పెట్టడం ఒక తప్పు, సంతకం పెట్టిన కాగితాన్ని ఫోనుతో ఫోటో కూడా తీసుకోకపోవడం రెండో తప్పు. 'ఉందట' అని రాశారు. మీ సంతకం ఉన్న కాగితంలో ఏముందో మీకే ఇంకొకరు చెప్పాల్సి రావడం ఏమిటి? అదృష్టవశాత్తు ఆ రెండు షరతులూ మిమ్మల్ని ముంచేవి కావు. డబ్బు వాపసు ఉండదన్న షరతు మీరు ప్రయాణం మానుకుంటే వర్తించేది. డబ్బు తీసుకుని వాళ్లు మాట తప్పడానికి అది అనుమతి కాదు. 7 రోజుల షరతు అసలు చెల్లదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 28 ప్రకారం చట్టం ఇచ్చిన కాలపరిమితిని ఒప్పందం ద్వారా కుదించడం, గడువు దాటితే హక్కు పోతుందని రాసుకోవడం రెండూ చెల్లవు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒప్పందమే అన్యాయమైనదని ప్రకటించి దాన్ని రద్దు చేయమని కోరకండి. ఆ అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, దానికి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీకు కావాల్సింది సేవాలోపానికి డబ్బు. అంతవరకే అడగండి.

మీ స్నేహితుడి సలహా విషయంలో మీ తమ్ముడికి ఈ రోజే ఫోను చేయండి. ఆ లావాదేవీ తాను చేయలేదని బ్యాంకుకు రాసివ్వడం రాతపూర్వకమైన అబద్ధం. కార్డును దొంగలు వాడుకున్నప్పుడు ఖాతాదారును కాపాడడానికి రిజర్వు బ్యాంకు 2017లో నిబంధనలు పెట్టింది. అవి నిజంగా మోసపోయినవాళ్ల కోసం. మీ తమ్ముడు తెలిసి కట్టాడు, మీరు 'డబ్బు కట్టాం' అని పడవవాళ్లకు పదిసార్లు రాశారు. ఆ సందేశాలు బ్యాంకుకు చేరితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు మీ తమ్ముడి మెడకే చుట్టుకునే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, డబ్బు చెల్లించడమే మిమ్మల్ని వినియోగదారుగా నిలబెడుతుంది. ఆ చెల్లింపు మాది కాదని ఒకచోట చెప్పి, ఆ చెల్లింపు మీదే ఇంకోచోట పరిహారం అడగలేరు. కాబట్టి తమ్ముడి బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ రోజు పేజీని ధ్రువీకరించిన కాపీగా తీసుకోండి, అతన్ని కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. డబ్బు కట్టినవాళ్లూ, వాళ్ల అనుమతితో సేవ పొందినవాళ్లూ ఇద్దరూ చట్టం దృష్టిలో వినియోగదారులే.

10 లక్షలు ఎందుకు, ఎలా అని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. లెక్క ఉన్న మొత్తం అడగండి. ఆ పడవవాళ్లే మిగతా రోజుల్లో ఒక్కో సీటుకు విడిగా ధర తీసుకుని తిప్పుతుంటారు. ఆ ధర వాళ్ల ప్రకటనలోనో బోర్డు మీదో ఉంటుంది. దాన్ని తేదీతో సహా సంపాదించండి. మీ ఐదుగురికి ఆ లెక్కన ఎంతవుతుందో, మీరు పడవ మొత్తానికి ఎంత కట్టారో చూడండి. ఆ తేడా మీరు నిశ్చయంగా నష్టపోయిన సొమ్ము. దానికి తగ్గిన గంటన్నరకు ధర, ఆపైన మానసిక వేదనకు ఒక సమంజసమైన మొత్తం, కేసు ఖర్చులు కలపండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. అక్కడ 50 లక్షల వరకు విచారించవచ్చు. ఈ పరిమితులకు లెక్కలోకి తీసుకునేది మీరు చెల్లించిన సొమ్మునే, అడిగే పరిహారాన్ని కాదు. పడవ ఎక్కడ ఎక్కినా, మీరు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది. అమ్మానాన్నలను ప్రయాణాలు చేయించనక్కర్లేకుండా వీడియో ద్వారా విచారణ కోరవచ్చు.

ప్రతివాదిగా ఎవరిని పెట్టాలో ముందే తేల్చుకోండి. ఫోనులో మాట్లాడిన మనిషి, డబ్బు అందుకున్న ఖాతా, పడవ యజమాని, ఈ ముగ్గురూ వేర్వేరు కావచ్చు. స్టేట్‌మెంటులో కనబడే పేరు, ఫోటోలోని పడవ నంబరు సాయంతో డబ్బు తీసుకున్నవారినీ యజమానినీ ఇద్దరినీ చేర్చండి.

లైఫ్ జాకెట్ల సంగతి మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో గుండె ఆగినంత పనైంది అక్కడే. పిల్లవాడు ఉన్న పడవలో జాకెట్లు చాలకుండా ఆరుగురిని అదనంగా ఎక్కించారు. దీన్ని డబ్బు వివాదంలో కలపకుండా, ఆ రేవులో పడవలకు అనుమతులిచ్చే అధికారికి ఫోటోలతో విడిగా ఫిర్యాదు రాయండి. ఈ రోజు కూడా ఆ పడవ ఎవరినో ఎక్కించుకుంటూ ఉండవచ్చు.

రేపే నోటీసు రాయించి స్పీడ్ పోస్టులో, అదే రోజు ఈమెయిల్‌లో పంపండి. 15 రోజులు గడువివ్వండి. నోటీసు అందగానే 'ఇంకోసారి ఉచితంగా తిప్పుతాం' అనే ప్రతిపాదన రావచ్చు. వివాదమంతా ముగిసిందని రాసిన కాగితంపై సంతకం పెట్టమంటారు. ఈసారి చదివి, ఫోటో తీసుకుని, నచ్చకపోతే పెట్టకండి. 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పవచ్చు, కానీ అక్కడ నడిచే రోజులు కూడా మీ రెండేళ్లలోంచే తరుగుతాయి. 16వ రోజున ఫిర్యాదు దాఖలు చేయండి. ఫిర్యాదులో మొదటి పేరా ఆ ఆరుగురితో మొదలవ్వాలి, తెరచాప నాన్నగారి అఫిడవిట్‌తో పాటు తర్వాత రావాలి.