పాఠకుల ప్రశ్నలు: మంత్రానికి ధర ఎవరు చెల్లించాలి?

ప్రశ్న: మేము కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతున్న ఐదుగురు మిత్రులం. ఆదివారాలు మేమే రాసుకున్న టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర వేస్తూ మాటలతో కథ నడిపే ఆట) ఆడుకుంటాం. కథ నడిపే గేమ్ మాస్టర్ బాధ్యత నాది. చాలా మంత్రాలు తయారుచేసి, ఒక్కొక్కదానికి కొన్ని శక్తి పాయింట్లు ధరగా పెట్టాను. అయితే తాళాలు తీసేదీ, శత్రువులను కూల్చేదీ, నది దాటించేదీ మాంత్రికుడి పాత్ర వేసే మిత్రుడే. మిగిలిన ముగ్గురు చూస్తూ కూర్చుంటున్నారు. పాయింట్లు తగ్గించి చూసినా మార్పు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పాయింట్లు తగ్గిస్తే సరిపోదు, ఎందుకంటే లోపం మంత్రాల బలంలో లేదు, వాటి ధర ఎవరికి తగులుతోంది అన్నదానిలో ఉంది. మంత్రం వేసినప్పుడు మాంత్రికుడి కాగితం మీద ఒక అంకె తగ్గుతుంది, పాత్రలు ఒక రాత్రి నిద్రపోగానే ఆ అంకె మళ్ళీ నిండుతుంది. ఈ లావాదేవీలో మిగతా ముగ్గురికి చోటే లేదు. పైగా నిద్రతో అంతా తిరిగి వస్తుందని తెలిశాక, ప్రతి చిన్న పోరాటం తరువాత పాత్రలు పడక వేయడం మొదలుపెడతాయి. ఈ చిక్కు చాలా ఆటల్లో ఉన్నదే.

ధరను ఎక్కడ పెట్టాలన్న విషయంలో ఈ రంగంలో మొదటినుంచీ రకరకాల ప్రయత్నాలు జరిగాయి. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మాంత్రికుడు మంత్రాలను ముందే ఎంచుకుని కంఠస్థం చేసుకోవాలి, ప్రయోగించగానే ఆ మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది; కాబట్టి అసలు నిర్ణయం పోరాటంలో కాక, బయలుదేరే ముందే జరుగుతుంది. మరుసటి ఏడాది వచ్చిన టన్నెల్స్ అండ్ ట్రోల్స్ మాంత్రికుడి దేహబలాన్నే ధరగా అడిగింది, దానితో వరుసగా మంత్రాలు వేసినవాడు నీరసించి తోటివారి అండ వెతుక్కోవలసి వచ్చింది. 1981 నాటి కాల్ ఆఫ్ క్తుల్హు మతిస్థిమితాన్ని అడిగింది. 1987లో వచ్చిన ఆర్స్ మాజికా మంత్రాల జాబితాకే పరిమితం కాకుండా, 5 క్రియలను (సృష్టించు వంటివి) 10 నామాలతో (నిప్పు వంటివి) జతచేసి మంత్రాన్ని అప్పటికప్పుడు కూర్చుకునే వీలు కల్పించింది. ఈ నాలుగింటిలో మీ సమస్యకు దగ్గరగా వచ్చింది రెండవదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ధర చెల్లించగానే పక్కవాడి అవసరం పుడుతుంది.

అంతకంటే మంచి నమూనాలు మనం చిన్నప్పటినుంచీ విన్న భారతంలోనే ఉన్నాయి. ఇంద్రుడు కర్ణుడికి ఇచ్చిన శక్తి అనే ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఆయుధాన్ని, కౌరవసేనను ఘటోత్కచుడు చీల్చి చెండాడుతున్న రాత్రి, తనవారి ఒత్తిడి మీద కర్ణుడు వాడవలసి వచ్చింది. దానికి పాయింట్లు లేవు, లెక్కలు లేవు. ఉన్నదల్లా ఇప్పుడా తరువాతా అన్న ఒక్క నిర్ణయం, అది కూడా అతడొక్కడి నిర్ణయం కాదు. కచుడి కథ మీకు ఇంకా పనికివస్తుంది. అతడు సంజీవని విద్య నేర్చుకున్నాడు కానీ, దేవయాని శాపం వల్ల ఆ విద్య అతడికి ఫలించదు, అతడు ఎవరికి నేర్పితే వారికి ఫలిస్తుంది. ఈ షరతును మీ మాంత్రికుడికి యథాతథంగా పెట్టి చూడండి: మంత్రం తెలిసింది అతడికి, ఫలించేది మాత్రం మరొకరి చేతిలో. అతడు ఉపదేశించాలి, వేరే పాత్ర గోడ ఎక్కి ప్రయోగించాలి, ఇంకొక పాత్ర అంతవరకు శత్రువును ఆపాలి. అప్పుడు మీ ముగ్గురు మిత్రులు ప్రేక్షకులుగా మిగలరు.

ఇంకొక్క మాట. మరొక పాత్ర నైపుణ్యంతో జరిగే పనిని మంత్రం చేయకూడదని నియమం పెట్టుకోండి. తాళం తీసే మంత్రం దొంగ పాత్రకు జీవనాధారం లేకుండా చేస్తుంది. దాని బదులు, ఆ తాళాన్ని చివరిసారి తెరిచినది ఎవరో చెప్పే మంత్రం ఇవ్వండి. తాళం దొంగే తీస్తాడు, మాంత్రికుడు మాత్రం కథలోకి ఒక కొత్త రహస్యాన్ని తెస్తాడు.

ప్రశ్న: అనంతపురంలో ఉపాధ్యాయురాలిని. మా పిల్లలతో ఆడించడానికి ఒక ఆట రాస్తున్నాను. గోపురాల్లో ఉండే పాశ్చాత్య మాంత్రికులు కాకుండా, మన సీమ నేల నుంచి పుట్టిన మంత్రవిద్య కావాలి. గ్రామదేవతలను, బ్రహ్మంగారిని అందులో పెట్టవచ్చునా?

జవాబు: నేటికీ జనం మొక్కుకునే దేవతలను, మఠాలను పాయింట్ల లెక్కలోకి దింపవద్దని నా సలహా, పిల్లల ఇళ్ళలో ఆ భక్తి నిత్యం నడుస్తున్నది, దాన్ని గెలుపు ఓటములకు ముడిపెట్టడం ఉచితం కాదు. మీరు అడిగిన నేల మాత్రం మీకు కావలసినంత ఇస్తుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లాలో శక్తికి సహజమైన రూపం నీరే, అది నిలవడానికి సహజమైన చోటు ఊరి చెరువే.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి విజయనగర కాలపు శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువుకు ఉండకూడని 6 దోషాలను అది చెబుతుంది. ఆ దోషాల్లో ఇవి ఉన్నాయి: కట్ట నుంచి నీరు ఊరడం, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం, నీరు తక్కువై తడపవలసిన భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. చివరి రెండింటిని మంత్రవిద్య నియమాలుగా చదివి చూడండి. శక్తి చాలక అవసరాలు ఎక్కువైతే పిల్లలు మంత్రాన్ని తాకడానికే భయపడతారు. శక్తి మిగిలిపోతే ఆలోచించడం మానేస్తారు. సరిహద్దు దోషాన్ని మాత్రం మీరు కావాలనే ఉంచుకోండి, ఎందుకంటే రెండు ఊళ్ళ మధ్య ఉన్న చెరువు దానంతటదే ఒక కథ.

ఆటను ఇలా కట్టవచ్చు. ఎవరి శక్తి వారికి ఉండదు. అందరికీ కలిపి ఒకే చెరువు, అందులో 12 పాళ్ళ నీరు. చిన్న మంత్రానికి 1, మధ్య రకానికి 3, పెద్దదానికి 6 పాళ్ళు. ఒక పూట ఆటకు ఒక బిడ్డ నీరుగంటి, అంటే చెరువు నీటిని పంచే కాపరి. తూము తెరవాలా వద్దా అన్న తీర్పు ఆ పూటకు ఆ బిడ్డదే, మరుసటి పూట ఇంకొకరిది. నీరు 3 పాళ్ళకు దిగితే ఆయకట్టు ఎండడం మొదలవుతుంది, కథలోని రైతులు పాత్రలను నిలదీస్తారు. 12 దాటితే నీరు మరవ దూకి వృథాగా పోతుంది.

ఇక వాన. పూట ముగిసినప్పుడు రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని చెరువులో కలిపితే సగటున 7 పాళ్ళు చేరతాయి. ఒకే పాచిక వేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేసినా సగటు అదే 7. అయితే రెండు పాచికలతో 2 పడే అవకాశం 36లో 1 మాత్రమే, ఒక పాచికను రెట్టింపు చేస్తే అది 6లో 1 అవుతుంది. 12 పడే అవకాశమూ అంతే. మొదటి పద్ధతిలో వానలు నమ్మకంగా కురుస్తాయి. రెండవ పద్ధతిలో కరువూ పొంగూ మామూలు ఏళ్ళంత తరచుగా వస్తాయి, సగటును నమ్ముకుని విత్తనం వేసినవాడికి ఏమవుతుందో పిల్లలకు పాచికే చూపిస్తుంది. మీ ఆటకు రెండవదే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: మంత్రం వేసిన ప్రతిసారీ పాచిక వేయించాలా? విఫలమైతే ఆటగాళ్ళు నిరుత్సాహపడుతున్నారు. (కడప నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ధర ముందే చెల్లించాక మళ్ళీ ఏమీ జరగలేదనడం రెండుసార్లు నష్టపరచడమే. ధర గానీ, వైఫల్య భయం గానీ, ఏదో ఒకటే పెట్టండి. పాచిక కావాలనుకుంటే, 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ పద్ధతిని పరిశీలించండి: రెండు పాచికల మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే పని పూర్తిగా నెరవేరుతుంది, 7 నుంచి 9 వస్తే ఏదో ఒక చిక్కుతో నెరవేరుతుంది, 6 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే కథ నడిపేవారు ఆపద తెస్తారు. ఈ మూడింటి అవకాశాలు వరుసగా 36లో 6, 15, 15. పాత్ర నైపుణ్యం కింద ఆ మొత్తానికి 1 కలిపితే అవి 10, 16, 10 అవుతాయి. 2 కలిపితే 15, 15, 6. ఇందులో అన్నిటికంటే విలువైనది మధ్య భాగం: మంత్రం ఫలించింది, కానీ దీపాలన్నీ ఆరిపోయాయి, లేదా మంత్రం విన్నవాడొకడు గోడ అవతల ఉన్నాడు. అలాంటి చిక్కులను ప్రతి మంత్రానికీ రెండు మూడు ముందే రాసి పెట్టుకోండి, అప్పటికప్పుడు తోచకపోతే ఆట ఆగిపోతుంది.