ఆఖరు బస్సు టైము అడిగి మ్యాచికి పో

అల్లుడూ,

ఆదివారం నెల్లూరులో ఫుట్‌బాల్ ఫైనల్ చూసి, రాత్రి ఒంటిగంటకి ఇసుక లారీ దిగి ఇంటికొచ్చావంట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. తిట్టడానికి రాయడంలేదులే. 22 ఏళ్లు కండక్టరు డ్యూటీ చేశా, అంతకుముందు వీఆర్ కాలేజీ గ్రౌండు గోడెక్కి ఫుట్‌బాల్ చూశా. రెండు బాధలూ తెలుసు నాకు.

మ్యాచంటే 90 నిమిషాలని లెక్కేశావు నువ్వు. మధ్యలో 15 నిమిషాల విరామం ఎవరు కలుపుతారు? ఫైనల్ సమమైతే ఇంకో 30, ఆపైన పెనాల్టీలు. 1970లో ఈ షూటౌట్‌ని రూల్స్‌లో చేర్చారు గానీ, అంతకుముందు నాణెం ఎగరేసో, ఇంకోరోజు మళ్లీ ఆడో తేల్చుకునేవాళ్లు. బస్సుల సంగతి తెలిసినోళ్లే పెట్టుంటారు ఆ పద్ధతి! పైగా మనోళ్లు ముఖ్య అతిథి వచ్చిందాకా ఆట మొదలెట్టరు.

మన ఊరికొచ్చే ఆఖరు పల్లెవెలుగు నైట్ హాల్టు బస్సు. రాత్రి మన ఊళ్లోనే ఉండి, తెల్లారి అదే మొదటి బస్సుగా బయల్దేరాల. వాళ్లకీ నిద్ర కావాల గదా, నీ పెనాల్టీల కోసం ఆగరు. అది తప్పిపోతే ఆత్మకూరు బస్సెక్కి సంగంలో దిగు. అక్కడికి బైకు తెచ్చేవాణ్ణి మ్యాచికి ముందే మాట్లాడిపెట్టుకో.

ఇంకోటి. స్టేడియం ముందు రోడ్డు మీద వందమంది గుంపుగా నిలబడి చేతులూపుతారే, దాన్ని చూస్తే ఏ డ్రైవరూ ఆపడు. నేనే ఎన్నిసార్లు డబుల్ బెల్లు కొట్టి పోనిచ్చానో! లోపల ఆడోళ్లు, చంటిబిడ్డలు. గుంపు ఎక్కిందంటే కాలు కదపలేను, టికెట్లు కొట్టడం అయ్యేలోపు చెకింగోళ్లు ఎక్కితే నా గతేంది? అందుకని నేరుగా ఆత్మకూరు బస్టాండుకి పో. వెనక్కి పోయినట్టే ఉంటది, కానీ బస్సు బయల్దేరేది అక్కణ్ణించే. సీటు దొరుకుద్ది.

నలభై యాభైమంది ఒకే దారిలో వచ్చేవాళ్లుంటే, నాలుగు రోజుల ముందే డిపో మేనేజరుకి రాసివ్వండి. పెళ్లిళ్లకి ఇచ్చినట్టే అద్దెకిస్తారు, పంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు. మ్యాచయ్యాక బస్టాండులో కంట్రోలర్ మీద అరిస్తే ఆయన జేబులోంచి బస్సు తీసిస్తాడా?

టికెట్టు డబ్బులు వేరే జేబులో పెట్టుకో, బజ్జీల బండి దగ్గర నీ సంగతి నాకు తెలుసు. వచ్చే మ్యాచికి మీ అమ్మని నేను ఒప్పిస్తాలే. స్కోరు మాత్రం బస్సెక్కి కూచున్నాకే ఫోన్ చేసి చెప్పు.

మీ మామ