సమాధానం: 31వ వారంలో రేషియో 52 అంటే బిడ్డకు ప్రమాదమా?

31 వారాల గర్భంతో ఉన్న మీ చెల్లెలి బీపీ 146/94 అని, రక్తపరీక్షలో ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రోటీన్ల రేషియో 52 అని రాశారు. బిడ్డకేమవుతుందోనని మీ టెన్షన్. ముందుగా ఒక మాటండీ: 52 అంటే ప్రీఎక్లంప్సియా (గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, కిడ్నీలు, లివర్ లాంటివి దెబ్బతినే జబ్బు) వచ్చేసినట్టు కాదు.

మాయకు (ప్లాసెంటాకు) రక్తం సరిగా అందకపోతే అది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1ను ఎక్కువగా వదులుతుంది. రక్తనాళాలను బాగా ఉంచే పీఎల్‌జీఎఫ్‌ను ఈ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 పట్టేసుకుంటుంది. అందుకే రేషియో పెరుగుతుంది. 38 లోపుంటే వారం రోజుల వరకు దాదాపు నిశ్చింత. 34 వారాల లోపు 85 దాటితే అనుమానం గట్టిదే. మీ చెల్లెలిది మధ్యలో ఉంది. 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అధ్యయనంలో 38 దాటినవాళ్లలోనూ నాలుగు వారాల్లో జబ్బు బయటపడింది 36.7 శాతం మందికే. అలాగని ఊరుకోకూడదు.

ఈ అంకె బిడ్డ బరువు చెప్పదు. దానికి గ్రోత్ స్కాన్, బొడ్డుతాడు డాప్లర్ (అందులో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చూడాలి. మాయ బలహీనమైతే బిడ్డ చిన్నగా ఉండొచ్చు, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి రావచ్చు. అలా అనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన దగ్గర ఎక్కువగా డెక్సామెథాసోన్, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. స్టెరాయిడ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి.

ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ ఎంజైములు, మూత్రంలో ప్రోటీన్ చేయించారా? లేకపోతే రేపే డాక్టర్‌ను అడగండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏదొచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి.