.22 రైఫిల్‌కి సైలెన్సర్ పెడితే చప్పుడు అస్సలు రాదా?

వస్తుంది. సైలెన్సర్ చప్పుడుని తగ్గిస్తుందే తప్ప మాయం చేయదు, ఎంత తగ్గుతుందన్నది వాడే తూటాని బట్టి కూడా ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం ఎన్‌సీసీ కేడెట్లలో .22 రైఫిల్ కాల్చిన చాలామందికి ఈ సందేహం ఉంటుంది.

తూటాలోని మందు మండినప్పుడు పుట్టే వేడి గ్యాస్ తుపాకీ గొట్టం చివర ఒక్కసారిగా బయటపడటంతో ఒక చప్పుడు వస్తుంది. సైలెన్సర్ లోపలి అరలు ఆ గ్యాస్‌ని ఆపి, చల్లార్చి, నెమ్మదిగా వదులుతాయి. కానీ తూటా ధ్వని కంటే వేగంగా పోతే దాని దారి పొడవునా గాలిలో మరో 'ఫట్' పుడుతుంది. దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు.

శ్రీకాకుళం ఎండలో, 35 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకి దాదాపు 352 మీటర్లు. రైఫిల్ నుంచి 380 మీటర్ల వేగంతో వెళ్లే హై వెలాసిటీ తూటాకి ఆ 'ఫట్' తప్పదు, 320 మీటర్ల సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే) తూటాకి ఉండదు. పిస్టల్ గొట్టం పొట్టిది కాబట్టి తూటా సాధారణంగా అంత వేగం అందుకోదు.

సైలెన్సర్లకు అనుమతి ఉన్న దేశాల్లో .22కి విడదీసి కడుక్కోగలిగే రకమే ఎంచుకోవాలి. ఈ తూటాల సీసం, మసి అరల్లో గట్టిగా పేరుకుపోతాయి. బరువు, పొడవు ఆ తర్వాతి సంగతి.

తుపాకీకి లైసెన్స్ ఉంటే చాలు, సైలెన్సర్ వట్టి విడిభాగమే కదా అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మన 1959 ఆయుధాల చట్టం నిర్వచనంలో సైలెన్సర్ కూడా తుపాకీ కిందికే వస్తుంది.