గ్వాకమోలె చేయబోయే మేనకోడలికి

చి. సౌ. హారికకు, అత్తయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఆదివారం మీ ఆయన ఆఫీసు వాళ్ళు భోజనానికి వస్తున్నారు, గ్వాకమోలె, అదే ఆ అవకాడో పచ్చడి, నేనే చేసి పెడతాను అని మాటిచ్చేశావట. తీరా ట్రయల్ వేస్తే మిక్సీలో జిగురు ముద్దలా వచ్చి, గంట తిరక్కుండా నల్లబడిపోయిందట. మెక్సికోలో ఉంటూ మెక్సికో వాళ్ళకే వాళ్ళ వంట పెట్టాలంటే టెన్షన్ ఉండదా మరి! కానీ ఇది అంత కంగారు పడాల్సిన వంట కాదు. పొయ్యి వెలిగించే పని కూడా లేదు. మీ నానమ్మ దోసకాయ పచ్చడి నూరడం చూశావు కదా. ముందు మిరపకాయలూ ఉప్పూ మెత్తగా నూరుకుని, ఆ తర్వాత ముక్కలు వేసి కచ్చాపచ్చాగా తొక్కి తీసేసేది. గ్వాకమోలె కూడా అచ్చం ఆ రోటి పచ్చడి వరసే. వీడియోల్లో కొందరు దీన్ని సలాడ్‌లా గరిటెతో కలిపేస్తారు, కొందరు మిక్సీలో తిప్పేస్తారు. ఆ రెండూ మర్చిపో.

మిక్సీ అంటే గుర్తొచ్చింది. టాకో బండ్ల దగ్గర పల్చగా పచ్చగా గరిటెతో పోస్తారే, అది మాత్రం మిక్సీలో చేసేదే. పొర కప్పుకున్న టమాటాల్లాంటి పచ్చకాయలు, మిరపకాయలు, కొత్తిమీర, ఒక అవకాడో, కాసిని నీళ్ళు. అది వేరే సాల్సా, అంటే వేరే పచ్చడి. 2019 వేసవిలో అవకాడో ధర మండిపోయినప్పుడు కొంతమంది టాకోల వాళ్ళు అందులో అవకాడో మానేసి కలబసీతా అనే జుకినీ లాంటి కాయ వేసేశారు. తిన్నవాళ్ళలో చాలామంది కనిపెట్టలేకపోయారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. నీకూ మిక్సీ తిప్పాలని సరదాగా ఉంటే ఇంకో రోజు ఆ సాల్సా చెయ్యి, బాగుంటుంది. ఆదివారం మాత్రం వద్దు.

ఇప్పుడు పండు సంగతి. సగం పని బజార్లోనే అయిపోతుంది. అవకాడో చెట్టు మీద పండదు, కోసిన తర్వాతే మెత్తబడుతుంది. అందుకని కొట్లో ఒక్కో కాయ ఒక్కో దశలో ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో రాళ్ళలాంటివి ఏరుకోకుండా మీ ఊరి సంత మెర్కాదో దె లా క్రుస్‌కి వెళ్ళు. కొట్టు ఆవిడ "పారా ఓయ్ ఓ పారా మన్యానా?" అంటుంది, ఇవాళ్టికా రేపటికా అని. "పారా ఎల్ దొమింగో" అని చెప్పు. ఆదివారానికి అందుకునేవి ఆవిడే ఏరి ఇస్తుంది, ఆ చేతికి తెలిసినంత మనకి తెలియదు. నువ్వు మాత్రం బొటనవేలితో నొక్కి చూడకు. నొక్కిన చోటల్లా లోపల నల్లమచ్చ పడుతుంది. అరచేతిలో పెట్టుకుని చెయ్యి మెల్లగా మూస్తే కాస్త లొంగినట్టు ఉండాలి, అంతే. తొడిమ పీకి కింద పచ్చగా ఉందో లేదో చూడమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. కొనకముందే పీకావంటే ఆవిడ తిడుతుంది. తిట్టాలి కూడా, ఆ చిల్లులోంచి గాలి తగిలి పండు పాడవుతుంది.

హాస్ రకమే తీసుకో. గరుకు తోలు, పండేకొద్దీ నల్లబడుతుంది. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ తన తోటలో మొలిచిన చెట్టుకి 1935లో పేటెంట్ తీసుకున్నాడు. అవకాడో పుట్టిందే ఈ గడ్డ మీద అయినా, ఇవాళ మిచోఆకాన్ రాష్ట్రంలో ఉరువాపన్ ఊరి చుట్టుపక్కల కొండల నిండా ఉన్నది మాత్రం ఎక్కువగా ఆ పోస్ట్‌మ్యాన్ చెట్టు సంతానమే. సంతలో ఎప్పుడైనా చిన్నవి, నల్లటి పల్చటి తోలువి కనిపిస్తే అవి క్రియోయో, అంటే నాటు కాయలు. వదలకు. తోలుతో సహా తినేయొచ్చు, కొంచెం సోంపు వాసన వస్తుంది. వాటిని మాత్రం గ్వాకమోలెకి దండగ చేయకు. వేడి తోర్తియాలో, అదే మొక్కజొన్న రొట్టెలో పెట్టుకుని, పైన ఉప్పు చల్లుకుని తిను.

శుక్రవారానికీ గట్టిగానే ఉంటే అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టి మూతి మడిచెయ్యి. అరటిపండు వదిలే ఇథిలీన్‌కి ఇవీ దారికొస్తాయి. శనివారానికే పండిపోతే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి, ఒకటి రెండు రోజులు ఆగుతాయి. పచ్చివి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు. మైక్రోవేవ్‌లో మెత్తబరిచే తెలివితేటలు ఎవరు చెప్పినా వినకు, మెత్తబడుతుంది గానీ పండదు.

మిగతా సరుకులు చిన్నవే. ఉల్లిపాయ తెల్లది తీసుకో, ఎర్రది వద్దు. మిరపకాయ సెర్రానో. హలపెన్యో కంటే సన్నగా ఉంటుంది, కారం కూడా ఎక్కువ. టమాటాకి జితోమాతె అని అడుగు. తొమాతె అన్నావంటే ఇందాక చెప్పిన పచ్చకాయలు తూచి ఇస్తారు. నిమ్మకాయ చిన్నది, గింజలున్నది. అది మన నిమ్మకాయే, ఇక్కడ కొలీమా వైపు బాగా పండిస్తారు. ఉప్పు కూడా కొలీమా కల్లుప్పు దొరికితే తెచ్చుకో. నూరడానికి సన్న ఉప్పు పనికిరాదు, రోట్లో మిరపకాయని కోసేది ఆ పలుకులే.

రోలు లేదన్నావు. మీ కెరేతారో నుంచి గంటా గంటన్నరలో కొమోన్‌ఫోర్ట్ వెళ్ళిపోవచ్చు, గ్వానహ్వాతో రాష్ట్రంలోది. మా గ్వాదలహారా వాళ్ళకి సాన్ లూకాస్ ఎవాన్హెలిస్తా ఎలాగో మీ వైపు అది అలాగ, రోళ్ళ ఊరు. మొల్కహేతె అంటే మూడు కాళ్ళ రోలు, తెహొలొతె అంటే దాని బండ. అగ్నిపర్వతం రాయి, బసాల్ట్, చేత్తో చెక్కినది. పర్యాటకుల వీధుల్లో సిమెంటు కలిపి పోతపోసినవి కూడా అంటగడతారు, జాగ్రత్త. రాతిదైతే బరువుగా ఉంటుంది, రంధ్రాలు చిన్నా పెద్దా కలిసి ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. పోతపోసినదైతే అన్నీ ఒకేలా నున్నగా ఉంటాయి, తాళంచెవితో గీకితే బూడిదరంగు పొడి రాలుతుంది. బేరం ఆడొచ్చు గానీ మరీ పిండకు. రాయి చెక్కడం చూశావంటే నీకే నోరు రాదు.

కొత్త రోలు అలాగే వాడేస్తే పంటి కింద ఇసుక. సబ్బు లేకుండా గట్టి బ్రష్‌తో కడిగి ఆరబెట్టు. గుప్పెడు బియ్యం వేసి పిండి అయ్యేదాకా నూరు. మొదటిసారి పిండి బూడిదరంగులో వస్తుంది. పారేసి మళ్ళీ బియ్యం, మళ్ళీ నూరడం, పిండి తెల్లగా వచ్చేదాకా. చెయ్యి నొప్పి పుడితే మీ ఆయనకివ్వు, ఆఫీసు వాళ్ళు ఆయన చుట్టాలే కదా. చివర్లో కల్లుప్పు, వెల్లుల్లి, కాస్త జీలకర్ర వేసి లోపలంతా రుద్ది కడిగేస్తే రోలు సిద్ధం. ఈ వారం కొమోన్‌ఫోర్ట్ వెళ్ళడం కుదరకపోతే గట్టి గిన్నె, పప్పుగుత్తి చాలు. ముందు నూరాల్సిన మిరపకాయ, ఉల్లి, కొత్తిమీర మసాలా మాత్రం చాకుతో ఉప్పు వేసి చెక్క మీద బాగా తరిగి, చాకు పక్కతో నలిపి ముద్ద చేసుకో.

ఇక నూరడం. సాధారణ రోలు నాలుగు పళ్ళకి మించి పట్టదు. నీకు పది మందైతే ఎనిమిది పళ్ళు, రెండు విడతలు. నాలుగు పళ్ళ లెక్క చెబుతాను. చెంచాడు కల్లుప్పు, రెండు సెర్రానోలు గింజలతో సహా, సగం ఉల్లిపాయ సన్నగా తరిగి అందులో సగమే, కొత్తిమీర కాడలు కొన్ని. ఇవి రోట్లో వేసి నూరు. మొదట ఉల్లిముక్కలు జారిపోతూ పక్కలకి ఎగబాకుతాయి, బండతో కిందకి లాగుతూ గుండ్రంగా తిప్పు. కాసేపటికి ఉప్పు కరిగి నీరు ఊరుతుంది, రాయి రంధ్రాల్లో పచ్చటి రసం దిగుతుంది, ఘాటు ముక్కుకి తగిలి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మిరపకాయ తొక్క కనిపించకుండా అయ్యేదాకా ఆపకు. గ్వాకమోలెలో కారం, ఉప్పు అంతటా సమంగా పట్టేది ఇక్కడే. తరిగి కలిపినదానిలో ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద మంటగా ఉంటుంది.

మరీ ఎక్కువ మిరపకాయలు వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది నీకు, మన రక్తం అది. మిరపకాయ పుట్టింది ఈ దేశంలోనే, పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెచ్చాకే మన గుంటూరుకి పేరొచ్చింది. కాబట్టి కారంలో వీళ్ళకి మనం కొత్తగా చూపించేది ఏమీ లేదు. ఇందులో ఉల్లి, కొత్తిమీర, నిమ్మ మాత్రం ఇక్కడివి కావు, 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళతో వచ్చినవి.

పండు కోసేటప్పుడు చెయ్యి జాగ్రత్త. పొడుగ్గా గింజ చుట్టూ కోసి, రెండు సగాలూ చెరోవైపు మెలితిప్పితే విడిపోతాయి. గింజ తీయడానికి సగాన్ని అరచేతిలో పట్టుకుని చాకు దించుతారే, ఆ పని చచ్చినా చేయకు. అరచేతిలో నరాలు తెగి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఎక్కువై, డాక్టర్లు దానికి 'అవకాడో హ్యాండ్' అని పేరే పెట్టేశారు. చెంచాతో గింజ కిందకి తవ్వితే అదే ఊడి వస్తుంది. గుజ్జు చెంచాతో తీసి నల్లమచ్చలు, పీచు ఏరేసి రోట్లో వెయ్యి.

ఇప్పుడు నూరకూడదు, మెదపాలి. బండని పైనుంచి కిందకి నొక్కు, తిప్పకు. శనగగింజంత ముక్కలు అక్కడక్కడా మిగలాలి. తినేటప్పుడు ఒకచోట మెత్తగా, ఒకచోట ముక్క తగలడమే దీని అందం. తర్వాత దాచిన ఉల్లిముక్కలు, గుప్పెడు కొత్తిమీర, ఒక టమాటా వేసి చెంచాతో రెండు తిప్పులు తిప్పు. టమాటా గింజలు, నీరు తీసేసి తరుగు, లేకపోతే పది నిమిషాల్లో అడుగున నీరు చేరుతుంది.

నిమ్మరసం దగ్గర ఇక్కడ ఇళ్ళల్లోనే గొడవలు. పిండితేనే రుచి అనేవాళ్ళున్నారు, పిండితే అవకాడో రుచి చచ్చిపోతుందని ముట్టుకోని వాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే పండు బాగా కమ్మగా ఉన్నప్పుడు అక్కర్లేదు, కాస్త చప్పగా ఉంటే అరచెక్క చాలు. ఎలాగూ బల్ల మీద నిమ్మచెక్కలు ఉంటాయి, కావలసినవాళ్ళు పిండుకుంటారు. ఉప్పు సరిచూడటం ఉత్త చెంచాతో కాదు, తొతొపో, అంటే కరకరలాడే తోర్తియా ముక్కతో అద్దుకుని చూడు. దాని ఉప్పు దానికుంటుంది కదా.

పోపు పెట్టకు. చెబుతున్నానని నవ్వకు, మనవాళ్ళ ఇళ్ళల్లో ఇంగువ పోపు వేసిన గ్వాకమోలె నేను తిన్నాను. మనం మనం తింటే ఆ రుచి వేరు, నేనేం కాదనను. కానీ మెక్సికో వాళ్ళ ముందు దాన్ని గ్వాకమోలె అనకు. పెరుగు, మయొనైజ్, జీలకర్ర పొడి కూడా వద్దు. వెల్లుల్లి కొందరు వేస్తారు, నేను వేయను, పచ్చి వెల్లుల్లి మిగతా అన్నిటి నోరూ మూసేస్తుంది. 2015లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు పచ్చి బఠానీలు వేయమని రాస్తే అమెరికాలో పెద్ద రచ్చ అయింది. ఒబామా కూడా ట్వీట్ పెట్టాడు, బఠానీల మాట నేను ఒప్పుకోను, ఉల్లి వెల్లుల్లి మిరపకాయలే అసలైన పద్ధతి అని. వెల్లుల్లి తప్ప మిగతాదంతా ఆయన మాటే నా మాట.

నల్లబడటం గురించి అడిగావు. గుజ్జు నలిగినప్పుడు అందులోని ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. గింజ మధ్యలో పెడితే నల్లబడదంటారు. గింజ కప్పిన చోట తప్ప మిగతాదంతా శుభ్రంగా నల్లబడుతుంది. గాలి తగలకపోవడమే మందు. కాబట్టి మసాలా మధ్యాహ్నమే నూరి రోట్లో మూతపెట్టి ఉంచు. వాళ్ళు వచ్చి కూర్చున్నాక పళ్ళు కోయి, మెదుపు, రోటితో సహా బల్ల మీద పెట్టు. వాళ్ళ ముందే చేస్తే ఇంకా మంచిది, ఎవరో ఒకరు లేచి బండ అందుకుంటారు చూడు. మిగిలితే గిన్నెలోకి తీసి చదును చేసి, ప్లాస్టిక్ కాగితం గుజ్జుకే అంటేలా నొక్కి ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు పైపొర గీకేస్తే కింద పచ్చగానే ఉంటుంది.

పక్కన తొతొపోలు, వేడి తోర్తియాలు పెట్టు. మాంసం తినేవాళ్ళుంటే వేయించిన పంది తోలు, చిచరోన్ తెచ్చిపెట్టు. దాంతో అద్దుకుని తినడం వాళ్ళకి మహా ఇష్టం. వీధి చివర కొట్లోనే దొరుకుతుంది, నువ్వు వండక్కర్లేదు.

అన్నట్టు వచ్చే ఏడాది ఎప్పుడైనా ఇలా పిలుపులు పెట్టుకుంటే ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో పెట్టుకోకు. అమెరికాలో సూపర్ బౌల్ అనే వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్ ఆట రోజుకి టన్నులకొద్దీ అవకాడో అటు వెళ్ళిపోతుంది, ఇక్కడ ధర ఎక్కి కూర్చుంటుంది. 1914 నుంచి 1997 దాకా మెక్సికో అవకాడోని తమ దేశంలోకే రానివ్వని వాళ్ళు, ఇప్పుడు అది లేకపోతే ఆట చూడలేరు.

రాత్రి అందరూ వెళ్ళాక రోలు నానబెట్టి ఉంచకు, సబ్బు అసలే వద్దు, రాయి పీల్చుకుని మళ్ళీ పచ్చట్లోకి వదులుతుంది. వేడినీళ్ళు, బ్రష్, అంతే. బోర్లించకుండా పక్కకి వాల్చి ఆరబెట్టు. సోమవారం ఫోన్ చెయ్యి, పండు ఎలా కుదిరిందో చెబుదువుగాని. మీ ఆయనని అడిగానని చెప్పు.

ఉంటాను,
అత్తయ్య