గుమ్మం పక్కన ఏ పూలతీగ పెట్టాలి?

ప్రశ్న: మా గుమ్మం పడమటి ముఖం. రెండు పక్కలా అడుగున్నర వెడల్పున మట్టి ఉంది, మధ్యాహ్నం నుంచి ఎండ పడుతుంది. సువాసన ఇచ్చే తీగను గుమ్మం మీదికి పాకించాలని ఉంది. నర్సరీలో రాధామనోహరం పెట్టుకోమంటున్నారు. పాములొస్తాయని మా అత్తగారి భయం. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సన్నజాజి పెట్టుకోండి. రాధామనోహరం అందానికి వంక పెట్టలేం. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు, తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. కానీ అది ప్రహరీకి, పెద్ద గేటుకు తగిన తీగ. చూస్తుండగానే మేడెక్కేస్తుంది, వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. ఆకు రాలిన చోట తొడిమ మొదలు ముల్లులా గట్టిపడి చీర కొంగులు పట్టుకుంటుంది. రోజూ మనుషులు తిరిగే గుమ్మానికి అది పనికిరాదు.

సన్నజాజి కత్తెరకు లొంగుతుంది. మొగ్గలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక అందరూ ఇల్లు చేరే వేళకు పరిమళం అందుతుంది. మీకున్న ఎండ చాలు. జాజి అని అడిగితే నర్సరీలో రెండు రకాల్లో ఏదైనా ఇవ్వొచ్చు, ఆకు చూసి కొనండి. సన్నజాజికి ఒక పెద్ద ఆకు, దాని మొదట్లో రెండు చెవుల్లా బుల్లి ఆకులు ఉంటాయి. ఈనెకు అటూ ఇటూ మొత్తం ఐదు నుంచి తొమ్మిది చిన్నాకులు వరుసగా ఉండి, మొగ్గ వెనక గులాబీ ఛాయ కనిపిస్తే అది పెద్ద జాజి. అదీ మంచిదే, పువ్వు పెద్దది.

గొయ్యి గోడకు ఆనించి తీయొద్దు, మట్టి బయటి అంచుకు జరపండి. అడుగున్నర లోతు తవ్వి, ఇల్లు కట్టినప్పుడు పడిన సిమెంటు పెళ్లలు, సున్నం ముక్కలు ఏరేయండి. గోడ పక్క తీగలు పాలిపోవడానికి చాలాసార్లు ఇవే కారణం. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము మొక్కకు అందక, ఈనెలు ఆకుపచ్చగా ఉండి లేత ఆకు మాత్రం పసుపు తిరుగుతుంది. అలా కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. గొయ్యి నింపేటప్పుడు బాగా మాగిన పశువుల ఎరువు 10 కిలోలు, వేపపిండి అరకిలో మట్టిలో కలపండి. నల్లరేగడైతే రెండు తట్టల ఇసుక కూడా వేయాలి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

గోడకు కొక్కేలు దిగ్గొట్టి, అడుగుకొకటి చొప్పున జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) లాగండి. ఆ ఇనుప తీగకూ గోడకూ మధ్య మూడంగుళాల సందు ఉండాలి. లేకపోతే గాలాడక ఆకు రసం పీల్చే ఎర్రనల్లి చేరుతుంది, రంగులు వేయించే రోజున మొత్తం పీకాల్సి వస్తుంది. రెమ్మలు అడుగు కిందికి వేలాడతాయి కనుక ఆర్చి ఎనిమిది అడుగుల ఎత్తులో పెట్టించండి. బలమైన రెండు కొమ్మలనే పైకి ఎక్కించి, మిగతావి తీసేయండి. కట్టడానికి జనపనార పురికొస వాడండి, ముడి వదులుగా ఉండాలి.

పాము పూల వాసనకు రాదు. పొదలో చేరిన కప్పల కోసం, ఎలుకల కోసం వస్తుంది. నేల నుంచి రెండడుగుల దాకా ఆకూ కొమ్మా లేకుండా చూడండి, పాదులో రాళ్లు, పాత కుండీలు పేర్చకండి. అత్తగారితో ఈ మాట చెప్పండి.

ప్రశ్న: మా సన్నజాజి పందిరంతా అల్లుకుంది కానీ ఆకే తప్ప పువ్వు లేదు. ఉన్న కాసిని మొగ్గలూ ఎర్రబడి రాలుతున్నాయి.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పువ్వు కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. కత్తిరించకపోతే ముదురు తీగ ఆకు పెంచుకుంటూ పోతుంది, యూరియా ఎక్కువైనా అంతే. జనవరి ఆఖరులో, రెండు వారాల ముందే నీళ్లు తగ్గించి, ప్రధాన కాండాలు ఉంచి పక్క కొమ్మలన్నీ జానెడుకు కోసేయండి. వెంటనే పశువుల ఎరువు 10 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 350 గ్రాములు, పొటాష్ 100 గ్రాములు, యూరియా 60 గ్రాములు పాదు చుట్టూ వేసి నీళ్లు పెట్టండి. జూలైలో ఎరువుల మోతాదు మాత్రం మరోసారి ఇవ్వండి. కోయడానికి చెయ్యి రాదు చాలామందికి, కానీ కోయని తీగ పూయదు.

ఎర్రబడిన మొగ్గను చీల్చి చూడండి. సన్నటి రంధ్రం, లోపల పురుగు ఉంటే అది మొగ్గతొలుచు పురుగు. రాలిన మొగ్గలు ఏరి కాల్చేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. దేవుడికీ జడలోకీ వాడే పూలు, ఘాటు మందుల జోలికి పోవద్దు.

ప్రశ్న: ఉత్తరం గుమ్మం, నేరు ఎండ రాదు. ఏదైనా తీగ ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: జాజులు నీడలో పూయవు. మనోరంజితం పెట్టండి, వెలుతురు బాగా ఉంటే చాలు. ఆకుపచ్చ పువ్వు పసుపు తిరిగేటప్పుడు పండిన పండు వాసన వేస్తుంది. పూకాడలే కొక్కేల్లా వంగి ఆసరా పట్టుకుంటాయి. ఎదుగుదల నెమ్మది, గింజ మొక్క పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంటుమొక్క తెచ్చుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. వాకిట్లో జాజి బతుకుతుందా?
— ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: నేలలో పెడితే మంచుకు పోతుంది. పెద్ద కుండీలో పెంచి, చలి బాగా ముదిరే రాత్రులు లోపలికి తెచ్చుకోవాలి. గుమ్మానికి శాశ్వతంగా కావాలంటే అక్కడ దొరికే స్టార్ జాస్మిన్ మేలు. అది జాజి జాతి కాదు, తుంచితే పాలు కారతాయి, కానీ వసంతంలో పూసే తెల్లపూల పరిమళం బాగుంటుంది. పక్కనే పసుపు పూలతో కరోలినా జెస్సమిన్ అమ్ముతుంటారు, వాసన తియ్యగా ఉంటుంది. దాని ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. పిల్లలున్న ఇంట్లో పెట్టకండి.